ఇరవై రెండో నంబరు తలుపు

హలో... హలో, బావగారూ... ఆ, నేనే. మీ మరదల్ని.

అవును, నా నంబరే... అవును, నాలుగు నెలలైంది మనం మాట్లాడుకుని... కోపం ఉందని తెలుసు బావగారూ. తర్వాత తిడుదురుగాని, ఎంతసేపైనా నోరెత్తకుండా వింటాను. ముందు ఇది చెప్పండి — ఫిల్టర్ హౌస్‌లోనే ఉన్నారా?

ఉన్నారా. అమ్మయ్య... డ్యూటీలో ఇంకెవరున్నారు?

మీరొక్కరే... ఆ. నేను పెట్టిన కంప్యూటర్ వచ్చాకే మీతో పనిచేసే ఆ ఇద్దర్నీ మీటర్ రీడింగుకి తోలేశారు. మీ కోపం అందుకే, కాదనడం లేదు... బావగారూ, ఒక్క నిమిషం. నా గొంతు వింటే తెలియడం లేదా?

కాలు కాదు. కాలు బాగానే ఉంది, కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలు... మీ తమ్ముడూ బాగానే ఉన్నారు. రైలు డ్యూటీ, ఫోన్ కలవడం లేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఊరి నీళ్ళకి అయింది, బావగారూ. నీళ్ళకి.

క్లోరిన్. మీ గదిలో బోర్డు మీద డోసు ఎంత చూపిస్తోంది?

రెండా?... బాగా చూశారా?

అది అబద్ధం. ఆ రెండు అబద్ధం.

— వినండి. ఇందాక ఇంట్లో మంచం మీద కూచుని, ఊరికే ల్యాప్‌టాప్‌లో సర్వర్ తెరిచాను. లోపల తొమ్మిది ఉంది. తొమ్మిది! నేనే తప్పు చదివాననుకున్నా. రెండు కొట్టాను. నా కళ్ళ ముందే మళ్ళీ తొమ్మిదైంది. ఇంకోసారి కొట్టబోయేసరికి నన్నే బయటికి నెట్టేసి తలుపేసుకున్నారు. నా పాస్‌వర్డ్ పనిచెయ్యడం లేదు. నేను పెట్టిన మిషన్, నన్నే ఎవరు నువ్వంటోంది.

ఎవరో. ఎవరో నాకేం తెలుసు! మన సర్వర్లోకి ఎవరో దూరారు.

అయ్యో, ఇనప రాడ్డు ఎందుకండీ! ఆ గదిలో మనిషెవరూ ఉండరు. ఎక్కడో కూచుని తీగ మీదుగా వచ్చాడు. పక్క వీధిలో ఉన్నాడో, పది సముద్రాల అవతల ఉన్నాడో... బోర్డు మాట నమ్మకండి, సర్వర్ ఏ అంకె చెబితే దానికి ఆ అంకే తెలుసు. దాని నోట్లో అబద్ధం పెట్టాడు వాడు.

మరి మీకు వాసన రాలేదా? అంత ఘాటు...

జలుబా. రెండు రోజుల్నించా... సరే.

టైమెంత అక్కడ? నా గడియారంలో మూడూ ఐదు. నాలుగింటికి ఊరికి నీళ్ళు వదలాలి కదా మీరు... యాభై ఐదు నిమిషాలు. సరే. సరే. భయపడితే పనవ్వదు... మిమ్మల్ని కాదు, నాకు నేను చెప్పుకుంటున్నా.

ఇంజనీరు గారికి ముందే చేశాను. మీటింగ్‌లో ఉన్నారట, ఫోన్ కట్టేశారు. ఆఫీసులో చెప్పి పెట్టాను. ఇప్పుడున్నది మీరూ నేనే.

కంప్యూటర్ గది తాళం మీ దగ్గరుందా?... తీయండి. ఫోన్ చెవికే పెట్టుకుని నడవండి, పెట్టేయకండి...

ఆ, ఏసీ హోరు వినిపిస్తోంది. లోపల నల్ల బీరువాలాంటిది ఉందా? దాని పక్కన బల్ల మీద తెర. మౌస్ కొంచెం కదపండి... ఏం కనిపిస్తోంది?

నల్ల తెర, తెల్ల అక్షరాలు. అడుగున చిన్న గడి మిణుకుమిణుకుమంటోందా?

ఉందా! ఉందా, బావగారూ!... ఏడవడం లేదు. లేదండీ... ఆ తెర నేను మూసి రావాల్సింది. కాలు విరిగే ముందు రోజు అక్కడికొచ్చి, పని చేసుకుని, మూయడం మరిచిపోయి వచ్చేశాను. తప్పే. ఆ తప్పే ఇవాళ మనకి దొడ్డిదారైంది. పాస్‌వర్డ్ అడగదు మిమ్మల్ని.

కూచోండి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. ముందు డబ్ల్యూ. ఒక్కటే, చిన్నది. ఎంటర్... అంతే, ఇంకేం లేదు. లోపల ఎవరెవరు ఉన్నారో చెబుతుంది.

రెండు వరసలా. మొదటి దాంట్లో టి-టి-వై అని ఉందా? అది మీరే, ఆ బల్ల ముందు కూచున్న మనిషి. రెండోది చదవండి. ఎక్కడినించి వచ్చాడో చెప్పే అంకెలవి, అన్నీ చదవండి...

మళ్ళీ...

కాదు. మా ఆఫీసుది కాదు. మా ఇంటిదీ కాదు.

పక్కన టైం ఉంటుంది, ఎప్పుడు వచ్చాడో.

ఒంటిగంటా నలభై... గంటన్నర. గంటన్నర నించి మన ఇంట్లో కూచుని ఉన్నాడు.

ఆ, ఇంకా ఉన్నాడు. ఇప్పుడు, ఈ క్షణాన ఉన్నాడు... మెల్లగా మాట్లాడక్కర్లేదు బావగారూ, వాడికి మన మాటలు వినిపించవు. కానీ మనం కొట్టేది చూడగలడేమో. అందుకే ముందు వాణ్ణి తెంపేద్దాం.

లేచి, ఆ బీరువా వెనక్కి వెళ్ళండి. అడుగున రెండు తీగలు ఉంటాయి. నీలం ఒకటి, పసుపు ఒకటి. నీలం బయటి లోకానిది. పసుపు క్లోరిన్ పంపుకి పోయేది. నీలం లాగాలి. పసుపు తీస్తే పంపు ఆఖరి మాటే పట్టుకుని కూచుంటుంది, తొమ్మిదిలోనే. కాబట్టి పసుపు ముట్టుకోకండి.

చీకటిగా ఉంటే ఫోన్ లైటు వేసుకోండి. వినిపిస్తూనే ఉంటుంది...

రెండూ దుమ్ము పట్టి ఒకేలా ఉన్నాయా? తుడవండి. గుడ్డ లేకపోతే చొక్కా అంచుతో తుడవండి... తొందరేం లేదు. అంటే, ఉంది. కానీ నిదానంగా తుడవండి.

నీలమేనా? మీకు నీలమేనా? ఒట్టు?... సరే, చివర చిన్న నాలుకలాంటిది ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని లాగండి...

వచ్చిందా. పక్కన దీపం ఆరిపోయిందా... ఆరిపోయిందా.

...

ఉన్నాను, ఉన్నాను. ఊపిరి తీసుకుంటున్నా. ఇక వాడు లేడు. కూచోండి మళ్ళీ. ఇప్పుడు డోసు దింపుదాం. నేను రాసిన చిన్న ప్రోగ్రాం ఉంది, అది బోర్డులా అబద్ధం చెప్పదు, సూటిగా పంపునే అడుగుతుంది. డి-ఓ-ఎస్-ఈ, ఖాళీ, రెండు అంకె, ఎంటర్.

తప్పంటోందా? ఏం కొట్టారో చదవండి...

'ఖాళీ' అని కొట్టకండి బావగారూ! ఖాళీ అంటే ఖాళీ వదలాలి. అడుగున పొడుగాటి మీట ఉంటుంది, అది... పర్లేదు. పర్లేదండీ, చెప్పడం నాదే తప్పు. మళ్ళీ.

రెండయిందా! ఇప్పుడు అంకె లేకుండా డి-ఓ-ఎస్-ఈ ఒక్కటే కొట్టండి, పంపు ఏమంటుందో చూద్దాం... రెండు. అమ్మయ్య. మంచిది. మీరు చాలా... ఎంత భయపడ్డానో తెలుసా, ఇందాకటి నించి ఈ దుప్పటి అంచు కొరుకుతూనే ఉన్నా. ఇక మనం ట్యాంకులో పోగయిన నీళ్ళ సంగతి చూడాలి. గంటన్నర నీళ్ళు. ఆ నీళ్ళు ఊళ్ళోకి పోకుండా పక్క కాలవకి—

ఏంటి?

ఇంకోసారి చదవండి.

తొమ్మిదా?

ఎవరు... మీరు ఇంకేదైనా నొక్కారా? చెయ్యి తగిలిందేమో... నీలం తీగ ఎక్కడుంది? మీ చేతిలో ఉందా? ఇప్పుడు మీ చేతిలో ఉందా?

మరెలా...

రెండు కొట్టండి మళ్ళీ... అయిందా... చూస్తూ ఉండండి. మాటిమాటికీ అడగండి దాన్ని...

...

తొమ్మిది.

దయ్యం కాదండీ. దయ్యాలు మిషన్లు నడపవు. ఆగండి, ఆలోచించనివ్వండి. వాడు లేడు, తీగ లేదు, కానీ... నాకు తట్టడం లేదు, బావగారూ. బుర్ర గడ్డకట్టుకుపోయింది.

ఏమన్నారు?... సిలిండర్.

అవునండీ, అవును! కంప్యూటర్‌తో పనేంటి, సిలిండర్లోంచి క్లోరిన్ గ్యాస్ రాకపోతే పంపు ఏం తాగుతుంది! చేత్తో కట్టేయగలరా?... పాతికేళ్ళు చేత్తోనే కట్టారు, తెలుసు, క్షమించండి. కానీ ముసుగు పెట్టుకోండి. జలుబుతో మీకు లీకైనా తెలియదు. తలుపు బార్లా తీసి, ఫ్యాన్ వేసి, అప్పుడు వెళ్ళండి. ఫోన్ ఆ బల్ల మీద పెట్టండి, కట్ చెయ్యకండి. వెనక్కి రాగానే ముందు నాతో మాట్లాడండి.

జాగ్రత్త, బావగారూ.

...

...ఫ్యాన్ వేశారా? ఫ్యాన్ చప్పుడేనా అది, ఏసీయా?

...

బావగారూ?... వినపడదులే. ముసుగులో ఏం వినపడుతుంది.

ఒకటి, రెండు, మూడు... అక్కణ్ణించి సిలిండర్ గదికి నలభై అడుగులు ఉంటుందా? యాభై? నిమిషం పోను, నిమిషం కట్టేయడానికి, నిమిషం రాను. మూడు నిమిషాలు. మూడూ పద్దెనిమిది ఇప్పుడు. ఇరవై ఒకటికి రావాలి. ఆయనకి జలుబు. ఒంటరిగా పంపాను. ఒక్కరే ఉన్నారక్కడ, ఆ ఒక్కర్నీ గ్యాస్ గదిలోకి పంపాను.

...దగ్గారా? ఎవరు, మీరేనా?

...

నాలుగింటికి కదా ఊళ్ళోకి వదిలేది. అప్పటిదాకా ట్యాంకులోనే. ట్యాంకులోంచి బయటికి ఇంకేం పోదు. ఏం పోదు, ఒక్క క్వార్టర్స్‌కి తప్ప—

...

క్వార్టర్స్.

క్వార్టర్స్ కుళాయికి నాలుగింటిదాకా ఆగడమేం లేదు. ట్యాంకు నించి నేరుగా పోతుంది. మీ ఇల్లు. పిచ్చుక మీ ఇంట్లో ఉంది. నా పిల్ల మీ ఇంట్లో ఉంది! బడి రెండున్నరకి వదిలేస్తారు... బావగారూ! బావగారూ!!

అక్కయ్యకి చెయ్యాలి. దీన్ని ఆపి పెట్టి... తెగిపోకే, దండం పెడతా, తెగిపోకు... ఆ. రింగవుతోంది... ఎత్తక్కయ్యా... ఎత్తు... వంటింట్లో ఉన్నావా, ఫోన్ ముందు గదిలో పడేశావా... ఎత్తు...

ఎత్తడం లేదు.

కాలికి కట్టు లేకపోతే పరిగెత్తేదాన్ని. ఈ పాటికి సగం దూరం పోయేదాన్ని. పెద్దవాళ్ళ కోపాలు పిల్లకెందుకని అక్కయ్యే వచ్చి తీసుకెళ్ళింది, అమ్మ కాలు బాగయ్యేదాకా నా దగ్గరుండనీ అని... బడి నించి రాగానే మొహం కడిగి నీళ్ళిస్తుంది. రాగానే అదే చేస్తుంది.

మళ్ళీ చేస్తా... రింగవుతోంది... పో, ఎత్తడం లేదు. బావగారి లైను... ఉందా? ఉందా ఇది? హలో?

హలో?

ఇరవై మూడు. బావగారూ, ఇరవై మూడయింది, రండి...

— బావగారూ! మీరేనా! ఆ దగ్గేంటి? ముసుగు పెట్టుకున్నారా?... చక్రం బిగుసుకుపోయిందా. నాలుగు నెలలుగా ఎవరు తిప్పారని... స్పానర్‌తోనా. కట్టేశారా? పూర్తిగా? కళ్ళు మంటా... కూచోకండి. కూచోకండి బావగారూ, కిటికీ తీసి అక్కయ్యని కేకెయ్యండి! క్వార్టర్స్ కుళాయి! పిచ్చుక! కుళాయి కట్టెయ్యమనండి, పిల్లకి నీళ్ళివ్వద్దనండి!

గట్టిగా!... వినపడలేదా? అయితే పరిగెత్తండి. ఫోన్ పట్టుకునే పరిగెత్తండి...

...

పరిగెత్తుతున్నారా... మెట్లు చూసుకోండి... అయ్యో, పెద్దాయన్ని పరిగెత్తిస్తున్నా...

...

అక్కయ్యా? నేను. పిచ్చుక ఎక్కడ? పిల్ల ఎక్కడుంది ముందు చెప్పు... పక్కనే ఉందా. నీళ్ళు తాగిందా? ఇవాళ మీ ఇంట్లో కుళాయి నీళ్ళు తాగిందా?

ఏం చేసింది?... ఉమ్మేసిందా?

కంపు కొడుతున్నాయని ఉమ్మేసి పేచీ పెట్టిందా. నువ్వేమో తిట్టావా, ఒళ్ళు పొగరా అని... తిట్టు, అక్కయ్యా, ఎంతైనా తిట్టు. ఒక్క గుక్కయినా లోపలికి పోయిందా? సరిగ్గా గుర్తు తెచ్చుకో... నోట్లో పోసుకుని ఉమ్మేసింది, అంతేనా. మొహం?... మొహం కడిగావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయా... ఏడ్చినందుకనుకున్నావా. కాదక్కయ్యా, క్లోరిన్. నిన్నటి బిందె నీళ్ళున్నాయా? వాటితో కళ్ళు కడుగు. బాగా, కాసేపు పోస్తూనే ఉండు. నోరు పుక్కిలించమను. అయ్యాక వీధి చివర డాక్టరమ్మకి చూపించు. నువ్వు తాగావా?... టీ పెట్టుకున్నావా, వాసనొచ్చి పారబోశావా. ఇద్దరూ చూపించుకోండి. చుట్టుపక్కల ఇళ్ళకీ చెప్పు, ఎవ్వరూ ఆ నీళ్ళు ముట్టుకోవద్దని. ఒక్కసారి పిల్లకియ్యి...

పిచ్చుకా... అమ్మనే. కళ్ళు మండుతున్నాయా, నాన్నా?... కొంచెమేనా. ఊపిరి బాగానే ఆడుతోందా?... లేదమ్మా, నువ్వు పేచీ పెట్టలేదు. నువ్వే కరెక్టు. నీళ్ళు నిజంగానే బాలేవు. పెద్దమ్మ ఇక తిట్టదు... ఏడవడం లేదు, నాకూ జలుబు. పెదనాన్న జలుబు ఫోన్లోంచి అంటుకుంది. వెళ్ళి కళ్ళు కడిగించుకో. పెదనాన్నకి ఫోనియ్యి.

...

బావగారూ. ఆయాసం తగ్గిందా? మీరూ ఒకసారి కళ్ళు కడుక్కోండి. కడుక్కుని... కంప్యూటర్ గదికి వెళ్ళాలి మళ్ళీ. తట్టింది నాకు. పిల్ల గొంతు విన్నాక తట్టింది.

వాడు పోయాడు, కానీ మనం తీగ లాగకముందే మిషన్‌కి ఓ ఆజ్ఞ రాసిపెట్టాడు. నిమిషానికోసారి డోసు తొమ్మిది చెయ్యమని. మన తీగ ఉన్నా లేకపోయినా, అది నమ్మిన బంటులా చేసుకుంటూ పోతోంది. దయ్యం కాదు, బుద్ధిమంతురాలు. అదే దాని జబ్బు.

కూచున్నారా? కొట్టండి. సి-ఆర్-ఓ-ఎన్-టి-ఏ-బి, ఖాళీ, చిన్న గీత, ఎల్. ఈసారి ఖాళీ అంటే తెలుసుగా... నవ్వారా? నవ్వండి, పర్లేదు.

ఏమొచ్చింది? వరసగా చుక్కలు పొడిచినట్టు నక్షత్రాలు, చివర డోసు, తొమ్మిది... అదే. దొరికాడు. నక్షత్రాలంటే ప్రతి నిమిషం అని. ఇప్పుడు అదే మాట మళ్ళీ కొట్టి, ఎల్ బదులు ఆర్. అంతా తుడిచేస్తుంది... ఇప్పుడు డోసు, రెండు... సిలిండర్ కట్టేశారుగా, అంకెతో ఇప్పుడు ప్రమాదం లేదు. కానీ అది మాట వింటోందో లేదో చూడాలి. ఒక నిమిషం ఆగి అడుగుదాం.

...

రెండేనా... ఇంకో నిమిషం.

...

రెండే. ఇంకోటి. నా కోసం ఇంకో నిమిషం...

రెండు.

సరే. ఇప్పుడు తలుపులు. సర్వర్‌కి బయటినించి బోలెడు తలుపులుంటాయి బావగారూ, ఒక్కోదానికి ఒక్కో నంబరు. వాటికి కాపలా ఒకటి పెట్టాను, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని రానివ్వకూడదో దానికి చెప్పి. వాడు ఎటు దూరాడో అడుగుదాం. యు-ఎఫ్-డబ్ల్యూ, ఖాళీ, ఎస్-టి-ఏ-టి-యు-ఎస్.

పట్టికలా వచ్చిందా. చదవండి... ఇరవై రెండు. దాని పక్కన?... అలౌ. ఆ పక్కన?

ఎనీవేర్.

...

వింటున్నా. అర్థమైంది. మీరు చదవక ముందే అర్థమైంది.

ఎనీవేర్ అంటే ఎక్కడినించైనా రావచ్చని. ఆ తలుపు నేనే తెరిచాను, బావగారూ.

...

కాలు విరిగాక ఆఫీసుకి రాలేకపోయాను. ఆ తలుపుకి ఆఫీసు నంబరొక్కటే తెలుసు, మా ఇంటి నంబరు రోజుకోలా మారుతుంది. ఆఫీసు కంప్యూటర్ మీదుగా ఒక్కసారి లోపలికెళ్ళి, పది నిమిషాల పని కదా అని అందరికీ తెరిచేశాను. పని చేసుకున్నాను. నొప్పికి మాత్ర వేసుకున్నాను. నిద్రపోయాను. మూయలేదు. తొమ్మిది రోజులు. పాస్‌వర్డ్ కూడా... నీళ్ళు అనే మాటా, ఒకటి రెండు మూడూ. పనీపాటా లేని మిషన్లు లోకమంతా తిరుగుతూ రోజంతా తలుపులు తడుతూనే ఉంటాయి. పసిపిల్లాడైనా తీసేవాడు ఆ తాళం.

ఏమైనా అనండి.

...

అనండి బావగారూ. ఇద్దరు మనుషుల్ని పక్కకి నెట్టించి తెచ్చిన మిషన్, దాని తలుపే మూసుకోలేకపోయాను. నా పిల్ల కళ్ళలోనే పోసుకున్నాను.

ఏంటి?... మీరా? ఎప్పుడు?

...పడుచుతనంలో. రాత్రి గేటు వాల్వు మూయడం మరిచి... వీధంతా మునిగిందా. మరెలా బయటపడ్డారు?... మీ పై ఆపరేటరు రిపేరని రాసేశాడా, రిజిస్టర్లో. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా మీరు? అక్కయ్యకి కూడానా?

ఉహుఁ. లేదు బావగారూ. నా కోసం మీరూ అలా రాస్తాననడమే చాలు. చక్రం బిగుసుకుందనీ, రిపేరనీ రాయొద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

మంచితనం కాదండీ, భయం. ఇలాంటి పెట్టెలు ఇంకో నాలుగు ఊళ్ళలో పెట్టాను నేను. ఈ తొమ్మిది రోజుల్లో మంచం మీదనించే వాటిలోకీ వెళ్ళాను. ఏ తలుపు మూశానో ఏది మూయలేదో ఇప్పుడు నా మాట నేనే నమ్మలేను. ఇక్కడ రిపేరని రాస్తే, అక్కడ వెళ్ళి చూసేదెవరు?

ముందు ఈ తలుపు మూయండి. యు-ఎఫ్-డబ్ల్యూ, డిలీట్, అలౌ, ఇరవై రెండు. అక్షరాలు చెబుతా, మధ్యమధ్య ఖాళీలు... డి-ఈ-ఎల్-ఈ-టి-ఈ... ఆ... ఏ-ఎల్-ఎల్-ఓ-డబ్ల్యూ... అంకెల్లో రెండు రెళ్ళు... పోయిందా. సరే.

నీలం తీగ పెట్టకండి. వాడు ఇంకేం దాచి పోయాడో తెలియదు. ఆ మిషన్‌ని మొత్తం తుడిచి మొదట్నించీ కట్టుకోవాలి. అప్పటిదాకా చేత్తోనే నడపగలరా?... ఒక్కరి వల్ల కాదా. ఊఁ.

మీటర్ రీడింగుకి పోయిన వాళ్ళనా? వస్తారంటారా, ఇంత జరిగాక?... నా పేరు చెప్పకండి, మీరు పిలిస్తే వస్తారు... చెబుతారా? సరే, చెప్పండి. వాళ్ళ తిట్లూ తింటాను.

మూడూ నలభై ఆరు. నాలుగింటికి వదలరుగా? ట్యాంకు మొత్తం కాలవకి... మళ్ళీ నింపి, సీసాలో పట్టి, క్లోరిన్ ఎంతుందో రంగు చూశాకే. ఎంతకవుతుంది?... ఏడు. ఏడింటికి వదలండి. ఊరంతా తిట్టుకుంటే తిట్టుకోనీండి. దాహంతో తిట్టుకుంటారు, అంతేగా.

— ఉండండి. ఇంకో ఫోన్ వస్తోంది.

ఇంజనీరు గారు.

...

ఎత్తుతాను. ఎత్తుతాను, ఒక్క క్షణం... ఏం చెబుతానో నాకే తెలియడం లేదు.

మిమ్మల్నీ కలపనా? మీరెందుకు బావగారూ, మాటలు పడటానికి... సరే. సరే. ఉండండి, కలుపుతున్నా. లైన్లోనే ఉండండి.

సార్, నమస్తే సార్... మీటింగ్ సంగతి తర్వాత సార్, ముందు నేను చెప్పేది వినండి. ఫిల్టర్ హౌస్ సర్వర్లోకి ఎవరో దూరి క్లోరిన్ డోసు తొమ్మిది చేశారు. గంటన్నర పైన. ఊళ్ళోకి ఒక్క చుక్క పోలేదు. క్వార్టర్స్‌కి పోయింది, అక్కడ ఆపించాం. సిలిండర్ ఆపరేటర్ గారు చేత్తో కట్టేశారు... ఉన్నారు సార్, లైన్లో ఉన్నారు... వాడెలా దూరాడంటే—

...

తలుపు తెరిచి పెట్టింది నేను సార్. తొమ్మిది రోజుల క్రితం. నేనే.

...అవును సార్.

...అవును సార్. ఎవరూ చెప్పలేదు, నేనే.

...మిగతా నాలుగు ఊళ్ళ సంగతి సార్. ఇప్పుడే, ఈ నిమిషమే వాళ్ళకి ఫోన్ చేయించండి. నీలం తీగ లాగేయమనండి. అడుగున ఉంటుంది, తుడిచి చూసుకోమనండి, పసుపు ముట్టుకోవద్దనండి. తర్వాత నన్నేం చేస్తారో చేయండి, ముందు ఆ తీగలు—

సార్?... సార్?

...

పెట్టేశారు. వాళ్ళకే చేస్తున్నారనుకుంటా. చేస్తున్నారంటారా?

మీరున్నారా, బావగారూ?

ఉన్నారా.

ఏం లేదు... ఊరికే. ఇంకో రెండు నిమిషాలు ఉండనా లైన్లో? ఏం మాట్లాడక్కర్లేదు... పని ఉంది కదూ, కాలవ గేటు తీయాలి. అవునవును. వెళ్ళండి. ఆ ఇద్దరికీ ఫోన్ చేసుకోండి. పిచ్చుక కళ్ళు ఎలా ఉన్నాయో డాక్టరమ్మ చెప్పగానే అక్కయ్యని చెయ్యమనండి, ఎంత చిన్న సంగతైనా.

మీరే పెట్టేయండి, బావగారూ. నాకు బటన్ దొరకడం లేదు.